మంచు కప్పు కింద చీకట్లో సముద్రం ఏం చేస్తోంది?

ఐస్‌ఫిన్ అనే రోబో తీసిన వీడియో ఒకటుంది. ఈమధ్య దాన్ని పదిసార్లకు తక్కువ కాకుండా చూసుంటాను. అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. కింద నల్లటి నీళ్లు, పైన తెల్లటి కప్పు. రోబో లైటు ఎంతదూరం పడితే అంతవరకే కనిపిస్తుంది. కప్పు అనగానే సిమెంటు స్లాబులా నున్నగా ఉంటుందనుకుంటాం కదా, అదేం లేదు. కొన్నిచోట్ల ఐస్‌క్రీమ్ డబ్బాని చెంచాతో గీకినట్టు గుంటలు. ఇంకొన్నిచోట్ల తలకిందులుగా కట్టినట్టు మెట్లు. మధ్యమధ్యలో నిలువునా పైకి పోయే పగుళ్లు.

అది అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం అడుగుభాగం. ఆ మంచు నేలను వదిలి నీళ్లమీద తేలడం మొదలుపెట్టే చోటు. మనిషి చంద్రుడి మీద నడిచింది 1969లో. భూమ్మీదే ఉన్న ఈ చోటికి మన కెమెరా వెళ్లింది మాత్రం 2020 జనవరిలో!

సరే, అక్కడికి వెళ్లి చూడాల్సినంత అవసరం ఏమొచ్చింది? ఎందుకంటే, అంటార్కిటికా మంచు సముద్రంలో కలిసే ఆట మొత్తం ఆ కప్పు కిందే నడుస్తోంది. మంచు కరుగుతోందంటే ఎండకి పైనుంచి కరుగుతోందని మనం అనుకుంటాం. అంటార్కిటికాలో కథ తిరగబడి ఉంటుంది. అక్కడ ప్రధానంగా కరిగేది అడుగునుంచి. 2013లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం, అక్కడి తేలే మంచు ఏటా కోల్పోయేదాంట్లో సగానికిపైగా ఇలా అడుగున కరిగి పోయేదే. టీవీల్లో చూపించే, పెళపెళ విరిగిపడే మంచుకొండల వాటా అంతకంటే తక్కువ.

గ్లాసులో ఐసుముక్క లెక్క

ముందు ఈ ఐస్ షెల్ఫ్ అంటే ఏంటో చూద్దాం. అంటార్కిటికా ఖండం మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉంది. ఆ బరువుకి అదే మెల్లగా సముద్రంవైపు జారుతుంటుంది. తీరం దాటాక కూడా వెంటనే విరగదు. పలకలా నీళ్లమీదికి సాగి, తేలుతూ ఉంటుంది. ఒక అంచు నేలకి అతుక్కుని, మిగతాదంతా సముద్రం మీద. ఆ తేలే పలకే ఐస్ షెల్ఫ్. చిన్నదనుకునేరు! అన్నిటికంటే పెద్దదైన రాస్ ఐస్ షెల్ఫ్ విస్తీర్ణం దగ్గరదగ్గర 5 లక్షల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపి పరిచినా అందులో సగానికి కాస్త ఎక్కువ నిండుతుంది, అంతే. మందం వందల మీటర్లు. దాని కింద మళ్లీ సముద్రం. వెలుతురు చొరబడని, అలలు లేని సముద్రం.

ఇక్కడ చురుకైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. గ్లాసులో తేలే ఐసుముక్క కరిగితే నీటిమట్టం పెరగదు కదా, మరి తేలే షెల్ఫ్ కరిగితే మనకేంటి? ప్రశ్న కరెక్టే. షెల్ఫ్ కరిగినంత మాత్రాన సముద్రమట్టంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. కాకపోతే ఆ షెల్ఫ్ ఊరికే తేలడం లేదు. పక్కనున్న కొండల్నీ, కింద సముద్రగర్భంలోంచి లేచిన దిబ్బల్నీ ఒరుసుకుంటూ, వెనకనుంచి వచ్చే మంచుకి తలుపు గడియలా అడ్డం పడి ఉంది. గడియ సన్నబడితే నేలమీదున్న మంచు జోరుగా దిగొచ్చేస్తుంది. గ్లాసులో కొత్త ఐసుముక్కలు వేస్తే నీళ్లు పొర్లవూ?

దీన్ని కళ్లారా చూసింది 2002లో. అంటార్కిటికా ద్వీపకల్పంలో లార్సెన్-బి అనే షెల్ఫ్‌లో సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల ముక్క, అంటే మొన్నటిదాకా ఉన్న జీహెచ్‌ఎంసీ లాంటివి అయిదు, నెలా పదిరోజుల్లోపే ముక్కలుముక్కలైపోయింది. దాన్ని కూల్చినదాంట్లో పైన చేరిన కరిగిన నీటి మడుగుల పాత్రే ఎక్కువ, నిజమే. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. వెనకున్న హిమానీనదాల వేగం కొన్ని రెట్లు పెరిగింది. గడియ మాట ఉత్తుత్తి పోలిక కాదని అప్పుడు తేలింది.

మైనస్ రెండు డిగ్రీల ‘వేడి’ నీళ్లు

ఇప్పుడు అసలు విషయం. నాకు ఈ సబ్జెక్టు మీద పిచ్చి పట్టించింది కూడా ఇదే.

మట్కా కుల్ఫీ బండి దగ్గర ఎప్పుడైనా గమనించారా? కుండలో ఐసు వేసి అందులో ఉప్పు దట్టంగా చల్లుతారు. ఉప్పు కలిస్తే నీళ్లు గడ్డకట్టే ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోతుంది. ఐసు కరుగుతూ ఇంకా చల్లబడుతుంది, కుల్ఫీ గట్టిపడుతుంది. సముద్రం పుట్టుకతోనే ఉప్పు కలిపిన నీళ్లు కాబట్టి, అది గడ్డకట్టేది మైనస్ 1.9 డిగ్రీల దగ్గర. అంటే మైనస్ 1 డిగ్రీ ఉన్న సముద్రపు నీళ్లు కూడా మంచుకి వేడినీళ్లే. చక్కగా కరిగించేస్తాయి.

దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. ఒత్తిడి పెరిగేకొద్దీ గడ్డకట్టే ఉష్ణోగ్రత ఇంకా దిగుతుంది. కిలోమీటరు లోతుకి ముప్పావు డిగ్రీ చొప్పున. కాబట్టి కిలోమీటరు లోతులో నీళ్లు గడ్డకట్టాలంటే మైనస్ 2.6 దాకా చల్లబడాలి. ఇప్పుడు సముద్రం పైభాగంలో చలికాలపు మంచు తయారవుతూ, దాన్నుంచి వెలివేసినట్టు మిగిలిన ఉప్పునీళ్లు బరువెక్కి, మైనస్ 1.9 దగ్గర కిందికి జారాయనుకోండి. పైన ఉన్నప్పుడు గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న నీళ్లే, షెల్ఫ్ లోతైన అడుగుకి చేరేసరికి మంచుని కరిగించే వేడినీళ్లయి కూర్చుంటాయి. ఉష్ణోగ్రత ఏమీ మారలేదు. చేరిన చోటు మారింది, అంతే!

అక్కడితో ఆగదు. కరిగిన మంచు మంచినీళ్లు కదా, తేలికగా ఉంటాయి. చుట్టుపక్కల ఉప్పునీటితో కలిసి, ఏటవాలు కప్పు వెంట పైకి పాకుతాయి. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, గడ్డకట్టే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఒక దశలో ఆ నీళ్లు ఉండాల్సినదానికంటే చల్లగా ఉన్నట్టు లెక్క. అప్పుడు అందులోంచి సన్నటి మంచు రేకులు పుట్టి, వాన తిరగబడి కురిసినట్టు పైకి లేచి కప్పుకి అంటుకుంటాయి. లోతులో మంచుని కొరికి, పైన తెచ్చి అతికించడమన్నమాట. శాస్త్రవేత్తలు దీన్ని ‘ఐస్ పంప్’ అంటారు. మోటారు లేదు, కరెంటు లేదు, వేలయేళ్లుగా నడుస్తోంది.

అలా అతుక్కున్న మంచుకి ఒక అందం కూడా ఉంది. మంచు కురిసి గట్టిపడిన మామూలు హిమానీనదపు మంచులో గాలి బుడగలుంటాయి, అందుకే తెల్లగా కనిపిస్తుంది. సముద్రపు నీళ్లు గడ్డకట్టిన ఈ మంచులో బుడగలు దాదాపు ఉండవు. తూర్పు అంటార్కిటికాలోని ఆమెరీ ఐస్ షెల్ఫ్ నుంచి విరిగిన కొండలు కొన్ని బోర్లా పడినప్పుడు, ఆ అడుగుమంచు బయటపడి పచ్చల రంగులో మెరుస్తుంది. ఆ రంగు ఇనుము ఆక్సైడ్ల వల్ల కావచ్చని 2019లో స్టీఫెన్ వారెన్ బృందం ప్రతిపాదించింది. ఫొటోలు చూడండి, ఎడిట్ చేశారేమో అనిపిస్తుంది.

అమండ్సెన్ తీరంలో లెక్క తప్పింది

రాస్, ఆమెరీ లాంటి షెల్ఫుల కింద చాలామేర ఈ చల్లటి వ్యవహారమే. కరగడం, అతకడం దాదాపు నెమ్మదిగా సాగుతుంటాయి. పశ్చిమ అంటార్కిటికాలో అమండ్సెన్ సముద్రం వైపు అలా కాదు. అక్కడ ఖండం చుట్టూ తిరిగే లోతైన ప్రవాహం తాలూకు నీళ్లు తీరందాకా వచ్చేస్తున్నాయి. వాటి ఉష్ణోగ్రత సున్నాకి పైన ఒక డిగ్రీ దాకా ఉంటుంది. మనకి ఒక డిగ్రీ అంటే వణుకే. ఆ లోతులో మంచు దృష్టిలో అది గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే మూడు డిగ్రీలు ఎక్కువ.

వేడినీళ్లు పైకి తేలాలి కదా, కిందెలా ఉన్నాయి అంటారా? అంత చల్లటి సముద్రంలో బరువుని తేల్చేది వేడి కాదు, ఉప్పు. ఈ నీళ్లు వెచ్చగా ఉన్నా ఉప్పు ఎక్కువ. అందుకే చల్లటి తేలిక నీళ్ల కిందే అణిగి ఉంటాయి. పాతకాలపు హిమానీనదాలు సముద్రగర్భంలో తవ్విన లోయలే వీటికి కాలవలు. ఆ కాలవల వెంట సరాసరి మంచు వేళ్లదాకా వెళ్లిపోతాయి.

థ్వైట్స్ ఉన్నది సరిగ్గా అక్కడే. విస్తీర్ణం సుమారు 1.92 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే పెద్ద హిమానీనదం. ముఖం వెడల్పు 120 కిలోమీటర్లు. దీని కింద నేల సముద్రమట్టానికి దిగువన ఉంది. పైగా లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లంగా ఉంటుంది. అంటే మంచు వెనక్కి జరిగేకొద్దీ మరింత లోతు, మరింత మందమైన మంచు సముద్రానికి ఎదురుపడతాయి. అది నేలని వదిలే గీత 1990ల చివరి నుంచి 14 కిలోమీటర్లు వెనక్కి జరిగింది. ప్రపంచ సముద్రమట్టం ఏటా పెరిగేదాంట్లో 4 శాతం ఈ ఒక్క హిమానీనదం పుణ్యమే.

దీనికి 2017లో ఓ అమెరికా పత్రిక ‘డూమ్స్‌డే గ్లేసియర్’ అని పేరు పెట్టింది. అది మన యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ దాకా వచ్చి ‘ప్రళయ హిమానీనదం’ అయింది, చుట్టూ మంటలు, మధ్యలో మునిగిన చార్మినార్. ఆ పేరంటే నాకు చిరాకు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉందన్న సంగతి అలా ఉంచండి. భయపెట్టే పేరు పెట్టేస్తే ఇక తెలుసుకోవాల్సిందేమీ లేదన్నట్టు అయిపోతుంది. తెలుసుకోవాల్సిందంతా మిగిలే ఉంది.

వేడినీళ్లతో బోరు వేశారు

అమెరికా, బ్రిటన్ కలిసి 2018లో థ్వైట్స్ మీద ఓ పెద్ద ప్రాజెక్టు మొదలెట్టాయి. అందులో ఒక బృందం 2019 చివర్లో గుడారాలు వేసుకుని, సుమారు 600 మీటర్ల మందం మంచులో బోరు వేసింది. మన ఊళ్లలో బోరు బండి తెలుసుగా, ఇది అలా కాదు. మంచుని కరిగించి, ఆ నీటిని బాగా వేడిచేసి, గొట్టంలోంచి జోరుగా కిందికి కొడతారు. మంచు కరుగుతూ కన్నం పడుతుంది. వేసిన కన్నం వెంటనే మళ్లీ గడ్డకట్టడం మొదలెడుతుంది కాబట్టి తీరిగ్గా పనిచేయడం కుదరదు.

ఆ కన్నంలోంచే బ్రిట్నీ ష్మిట్ బృందం ఐస్‌ఫిన్‌ని దింపింది. మూడున్నర మీటర్ల పొడవు, జానెడు మందం ఉండే పొడవాటి రోబో. దాని వెనక ఓ కేబుల్. ఇది మొదటినుంచీ గురుగ్రహపు చందమామ యూరోపా మీద మంచు కింద ఉన్న సముద్రంలోకి ఎప్పటికైనా వెళ్లాలన్న కలతో పుట్టిన డిజైన్. ముందు భూమ్మీద పనికొచ్చింది.

ఫలితాలు 2023 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. మొదటిది వింటే ఊపిరి పీల్చుకోవాలనిపిస్తుంది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకి చెందిన పీటర్ డేవిస్ బృందం కొలిస్తే, బల్లపరుపుగా ఉన్న అడుగు ఏటా 2 నుంచి 5.4 మీటర్లే కరుగుతోంది. మోడళ్లు ఊహించినదానికంటే బాగా తక్కువ. కారణం? కరిగిన చల్లటి మంచినీళ్లు కప్పుకి ఆనుకుని పల్చటి పొరలా నిలిచిపోతున్నాయి. కింద వెచ్చటి నీళ్లున్నా, ఈ పొర అడ్డం ఉండటంతో వేడి పైకి చేరడం లేదు. షర్బత్ గ్లాసులో ఐసుని కదపకుండా వదిలేస్తే నిదానంగా కరుగుతుంది, చెంచాతో తిప్పితే గబుక్కున కరుగుతుంది. ఇక్కడ తిప్పే చెంచా బలహీనంగా ఉంది.

రెండోది ఐస్‌ఫిన్ చూసింది. కప్పు అంతా బల్లపరుపుగా ఉంటే కదా! పగుళ్ల గోడల దగ్గర, ఆ తలకిందుల మెట్ల నిలువు అంచుల దగ్గర మంచినీళ్ల పొర నిలవదు, పైకి జారిపోతుంది. వెచ్చటి ఉప్పునీళ్లు నేరుగా మంచుని తాకుతాయి. అక్కడ కరగడం ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే మంచు పైకి పలచబడటం కంటే, పగుళ్లు పక్కలకి వెడల్పవుతున్నాయి. గోడకి సున్నం రాలడం వేరు, చీలిక పెద్దదవడం వేరు కదా.

నన్ను ఆలోచనలో పడేసింది ఈ రెండూ కలిపి చదివినప్పుడే. కరిగేది అనుకున్నదానికంటే తక్కువ. అయినా హిమానీనదం వెనక్కి జరుగుతూనే ఉంది. అంటే కొంచెం కరిగినా చాలు, అది పట్టు తప్పే స్థితిలో ఉందన్నమాట. మొదటి ఫలితాన్ని మాత్రమే హెడ్డింగ్ చేస్తే ‘భయం లేదు’ అవుతుంది, రెండోది మాత్రమే చేస్తే ‘కొంప మునిగింది’ అవుతుంది. రెండూ తప్పే.

2024లో ఇంకో సంగతి బయటపడింది. ఉపగ్రహాల రాడార్‌తో రోజూ కొలిచి చూస్తే, ఆటుపోట్లతో పాటు థ్వైట్స్ మంచు లేస్తూ దిగుతూ ఉంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లు, నేలని ఆనుకుని ఉందనుకున్న మంచు కిందికి కూడా కిలోమీటర్ల కొద్దీ దూరుతున్నాయి. నేలకీ సముద్రానికీ మధ్య ఓ గీత ఉందనుకుని వేసిన లెక్కలన్నీ ఇప్పుడు మళ్లీ చూసుకోవాల్సిందే.

మనవాళ్ల తొలి ఇల్లు కట్టింది షెల్ఫ్ మీదే

అన్నట్టు, ఐస్ షెల్ఫులతో మన దేశానికి పాత పరిచయమే. 1983-84లో కట్టిన మన మొదటి అంటార్కిటికా స్థావరం దక్షిణ గంగోత్రి ఉన్నది సాక్షాత్తూ ఒక ఐస్ షెల్ఫ్ మీద. కొన్నేళ్లకే మంచులో కూరుకుపోయి, ఆ దశాబ్దం చివరికల్లా దాన్ని వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కట్టిన మైత్రి, 2012లో మొదలైన భారతి రెండూ రాతినేల మీదే ఉన్నాయి. సముద్రాల లోతుల్లో ఉష్ణోగ్రత, ఉప్పు కొలిచే ఆర్గో తేలియాడే పరికరాల డేటాని మన దేశంలో చూసుకునేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. కాకపోతే ఆ పరికరాలు కబురు పంపాలంటే నీటిపైకి రావాలి. నెత్తిన వందల మీటర్ల మంచుంటే ఎలా వస్తాయి? అందుకే ఆ షెల్ఫుల దగ్గర కొలతలకి సీల్ జంతువుల సాయం కూడా తీసుకుంటారు. తల మీద చిన్న సెన్సర్ అతికిస్తే అది మునిగినప్పుడల్లా లెక్క వస్తుంది. బొచ్చు రాలే కాలంలో సెన్సర్ కూడా ఊడిపోతుంది.

మరి మన తీరం సంగతి? థ్వైట్స్ మొత్తం సముద్రంలో కలిస్తే ప్రపంచవ్యాప్తంగా సగటున 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. అది రేపో ఎల్లుండో కాదు, శతాబ్దాల లెక్క. ఎంత త్వరగా అన్నదే తేలాల్సింది. ఇందులో ఓ తిరకాసుంది. అంత పెద్ద మంచు తన గురుత్వాకర్షణతో చుట్టూ సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, అంటార్కిటికా పక్కన నీళ్లు తగ్గుతాయి, దూరపు తీరాల్లో సగటు కంటే ఎక్కువ పెరుగుతాయి. మనం దూరంలో ఉన్నవాళ్లం.

ఉప్పాడలో ఇళ్లు కోసుకుపోవడాన్ని తీసుకెళ్లి అంటార్కిటికా ఖాతాలో వేయకండి. అక్కడి కోతకి స్థానిక కారణాలు చాలా ఉన్నాయి. కానీ కోనసీమ, దివిసీమ లాంటి డెల్టా నేలల్లో అరమీటరు అంటే చిన్నమాట కాదు. చేలల్లోకి, బావుల్లోకి ఉప్పునీళ్లు ఇంకా లోపలికి వస్తాయి. 1977 నవంబరులో దివిసీమని ముంచిన ఉప్పెన లాంటిది మళ్లీ వస్తే, అది లేచేది పెరిగిన సముద్రం మీదనుంచి. తాతల్ని అడగండి, అరమీటరు తేడా అంటే ఏంటో వాళ్లు చెబుతారు.

రాన్ తిరిగి రాలేదు

ఆ చీకట్లోకి వెళ్లినవన్నీ తిరిగొస్తాయన్న గ్యారంటీ లేదు. మంచు కింద జీపీఎస్ పనిచేయదు, రేడియో సిగ్నల్ ఉప్పునీళ్లలో పోదు. కేబుల్ లేని రోబో అయితే ముందే నేర్పిన దారిలో ఒంటరిగా వెళ్లి, ఒంటరిగా రావాలి. 2005లో బ్రిటన్‌వాళ్ల ఆటోసబ్-2 ఫింబుల్ ఐస్ షెల్ఫ్ కిందికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. వాళ్లు వదల్లేదు. దాని తర్వాతిది 2009లో పైన్ ఐలాండ్ హిమానీనదం కింద దూరి, సముద్రగర్భంలో అప్పటిదాకా ఎవరికీ తెలియని గట్టు ఒకటి ఉందని కనిపెట్టి వచ్చింది. ఒకప్పుడు ఆ గట్టుకి ఆనుకున్న మంచు, పట్టు వదిలాకే వెచ్చటి నీళ్లు లోపలికి వెళ్లగలిగాయని అలా తెలిసింది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లది ‘రాన్’. నార్స్ పురాణాల్లో సముద్రదేవత పేరు. 2022లో అది థ్వైట్స్‌కి పొరుగునే ఉన్న డాట్సన్ షెల్ఫ్ కింద 27 రోజులపాటు, వెయ్యి కిలోమీటర్లకు పైగా తిరిగింది. తలెత్తి సోనార్‌తో కప్పుని గీసుకుంటూ పోయింది. నీళ్లు ప్రవేశించే తూర్పు కంటే, బయటికి పోయే పడమర వైపు ప్రవాహం జోరుగా ఉండి మంచు ఎక్కువ కరుగుతోందని చూపించింది. అంతకంటే వింత ఏంటంటే, కప్పు నిండా కన్నీటి బొట్టు ఆకారంలో గుంటలు కనిపించాయి. చంద్రుడి వెనకవైపు మొదటిసారి చూసినట్టుందని ఆ బృందం నాయకురాలు ఆనా వాలిన్ అన్నారు. నీళ్లు సుళ్లు తిరుగుతూ చెక్కి ఉంటాయంటున్నారు. భూభ్రమణం ఆ ప్రవాహాన్ని పక్కకి ఎలా వంచుతుందో ఆ ఆకారాల్లోనే రాసుంది.

కరుగుదల ఎంతో తేల్చుకోవాలంటే అదే చోటుని మళ్లీ గీయాలి. అందుకే 2024 జనవరిలో రాన్‌ని మళ్లీ డాట్సన్ కిందికి పంపారు. చెప్పిన టైముకి, చెప్పిన చోటికి అది రాలేదు. ధ్వని పరికరాలతో, హెలికాప్టర్‌తో, డ్రోన్లతో వెతికారు. కనిపించలేదు. ఆ ప్రయాణంలో అది గీసిన కొత్త మ్యాపు కూడా దాంతోపాటే మంచు కింద ఎక్కడో ఉంది.